ఒకటింపావు అంగుళం

మా ఆయన కత్తెర పక్కన పెట్టేస్తానని శపథం చేసింది ఆ ఎండాకాలం మొదట్లో. ఎవరూ అడగలేదు. పొద్దున్నే టీ తాగుతూ, పేపర్లో వార్త చదివి వినిపించినట్టు చెప్పారు.

"నా గీత తప్పిన రోజున ఈ కత్తెర ముట్టను. ఆ రోజే షాపు మూసేస్తా."

"ఇప్పుడెవరేమన్నారని?" అన్నాను.

"ఎవరూ ఏమీ అనలేదు. ముందే చెప్తున్నా."

ముందే ఎందుకు చెప్తున్నారో నాకు తెలుసు. ఆ మధ్య పేపరు చదవాలంటే ఆయనకు చేతి పొడవు చాలడం లేదు. మోచేయి పూర్తిగా చాచి, తల వెనక్కి వంచి, గోడకు ఆనుకుని చదివేవారు. వెనక గోడ లేకపోతే ఎంతవరకు వెళ్ళేవారో దేవుడికే తెలియాలి. సూదిలో దారం ఎక్కించాలంటే కూతుర్ని పిలిచి, "పని నేర్చుకో, ముందు ముందు పనికొస్తుంది" అనేవారు. ఒకే పని రోజుకు పదిసార్లు నేర్పేవారు. కళ్ళ డాక్టరు మాటెత్తితే మాత్రం అంతెత్తున లేచేవారు.

"అదిగో, ఎదురు మేడ మీద ఆరేసిన చొక్కాకి రెండో గుండీ లేదు. నాకు కనబడుతోంది. నీకు కనబడుతోందా?" అని నన్నే నిలదీసేవారు.

నాకు కనబడేది కాదు. ఆయన చెప్పింది మాత్రం నిజం. ఆ చొక్కా గుండీ కుట్టించుకోవడానికి మర్నాడు మా దగ్గరికే వచ్చింది. దూరం చూపు అంత గొప్పది. దగ్గర చూపుతోనే చిక్కు. బట్టలు కుట్టేవాడికి పనంతా దగ్గరే కదా, అదీ మా గొడవ.

మా ఇంటి ముందు గది షాపు, వెనక గది కాపురం, మధ్యలో ఒక తెర. ఆయన కొలతలు తీసి గుడ్డ కత్తిరిస్తారు. నేను కుడతాను, కాజాలు తీస్తాను, కాళ్ళ అంచులకు చేతికుట్టు వేస్తాను, ఇస్త్రీ చేసి పట్టుకెళ్ళి ఇచ్చి వస్తాను. ఆయన్ని ఊరంతా మాస్టారు అంటారు. నన్ను మాస్టారి భార్య అంటారు. పనిలో పావు వంతు ఆయనది, ముప్పావు నాది. పేరు సంగతికొస్తే లెక్క తిరగబడుతుంది. పోనీలెండి, దాని గురించి ఇప్పుడెందుకు.

మా చిన్నది అప్పుడు కాలేజీలో రెండో ఏడు. మాకు ఒక్కతే కూతురు, అయినా పుట్టినప్పటి నుంచీ దాన్ని చిన్నది అనే పిలుస్తాం. సాయంత్రాలు ఫ్లైఓవర్ కింద మెట్ల దగ్గర చేరే పిల్లల్లో అదీ ఒకతి. వాళ్ళ వేషాలు చెప్పనలవి కాదు. చొక్కా మీద చొక్కా, దాని మీద గుండీలు పెట్టని ఇంకో చొక్కా. మండుటెండలో ఉన్ని టోపీలు. ఇటుకల్లాంటి బూట్లు. జేబులోంచి వేలాడే గొలుసులు, ఆ గొలుసుల చివర ఏమీ ఉండదు. ఒకళ్ళనొకళ్ళు ఫోటోలు తీసుకుంటారు, కానీ కెమెరా వైపు ఎవరూ చూడరు. ఎటో చూస్తారు. ఎటు చూస్తున్నారా అని నేనూ ఒకసారి అటు చూశాను. అక్కడ స్తంభం ఉంది.

శపథం రోజునే చిన్నది వచ్చి తండ్రి ముందు నిలబడింది.

"నాన్నా, నాకో ప్యాంటు కుట్టవా?"

"అడగాలా? ఇలా రా, కొలతిద్దువు గానీ."

"కొలతలు అక్కర్లేదు నాన్నా. ఎంత లూజుగా ఉంటే అంత మంచిది. ఇదిగో, ఇలా." ఫోను ఆయన ముఖం ముందు పెట్టింది.

ఆయన ఫోను అందుకుని, చేయి చాచి, గోడకు ఆనుకుని చూశారు. "ఇదేంటి, గోనెసంచికి రెండు కాళ్ళు పెట్టారు?"

"ఇప్పుడందరూ ఇవే వేసుకుంటున్నారు."

"ముప్పై ఏళ్ళుగా మనుషుల ఒంటికి సరిపోయేట్టు కుట్టాను. సరిపోకుండా కుట్టమని అడిగింది నువ్వే మొదట. నా కూతురివై ఉండి."

"ఒంటికి సరిపోయేవి వేసుకుంటే బస్సెక్కినా దిగినా అందరూ కళ్ళతో కొలుస్తారు నాన్నా. ఇవి వేసుకుంటే నన్నెవరూ కొలవలేరు."

నాకు ఆ మాట చురుక్కున తగిలింది. ఆయనకు తగల్లేదు. మెడలో టేపు సర్దుకుంటూ, "కొలత లేకుండా బట్టలేంటి? నా షాపులో గోనెసంచులు కుట్టను" అని తేల్చేశారు. చిన్నది తెర ఎగరేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే సెక్యూరిటీ కంపెనీ నుంచి కాగితం వచ్చింది. కాపలావాళ్ళకు ముదురు నీలం ప్యాంట్లు నలభై, తొడ పక్కన రెండు వైపులా జేబులు. కొలతలన్నీ చీమతలకాయంత అక్షరాల్లో ఉన్నాయి. ఆయన కాగితం చదివి, జేబులో పెట్టుకుని, అదోలా నవ్వారు.

"చూశావా? లోకమంతా పాడైపోయింది. బాటమ్ ఇరవై ఆరు అంగుళాలట. సెక్యూరిటీ వాళ్ళకు కూడా గోనెసంచులే."

"నిజంగా ఇరవై ఆరేనా?"

"చదవడం రాదా నాకు?"

అక్కడితో నా నోరు మూతబడింది. ఒక్కసారి ఆ కాగితం ఇలా ఇవ్వండి అని ఉంటే పోయేది. అనలేదు. చదవడం వచ్చా అన్న ప్రశ్న వెనక కళ్ళు కనబడుతున్నాయా అన్న ప్రశ్న దాక్కుని ఉంది. దాని జోలికి వెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది.

మా పద్ధతేమిటంటే, గుడ్డను పది మడతలు పరిచి, పై మడత మీద సుద్దతో గీసి, పదీ ఒకేసారి కత్తిరిస్తాం. గీత ఒప్పయితే పదీ ఒప్పే. తప్పయితే పదీ తప్పే. జేబులకు గుర్తులు మాత్రం ఎడమ కాళ్ళ కట్టకు వేరుగా, కుడి కాళ్ళ కట్టకు వేరుగా పెట్టాలి. ఆయన పెట్టారు. నేను కుట్టాను. నలభై ప్యాంట్లు, ఎనభై కాళ్ళు, చుట్టుకొలత ఇరవై ఆరు. చేతికుట్టు వేసి వేసి నా వేళ్ళు వాచిపోయాయి. నడుము పట్టీ లోపల మా షాపు ట్యాగులు కూడా కుట్టాను. తెల్లగుడ్డ మీద ఎర్ర దారంతో కత్తెర బొమ్మ, కింద ఫోను నంబరు.

ఆటోలో వేసుకుని కంపెనీకి పట్టుకెళ్ళాను. మేనేజరు ఒక ప్యాంటు పట్టుకుని పైకెత్తాడు, కిందికి దించాడు, మళ్ళీ ఎత్తాడు. తర్వాత గేటు దగ్గరున్న సన్నటి కాపలాదారుణ్ణి పిలిచి తొడుక్కురమ్మన్నాడు. అతను తొడుక్కొచ్చాడు. నడుస్తుంటే కాళ్ళు కనబడటం లేదు. గాలికి ప్యాంటు ఒకవైపు, మనిషి ఒకవైపు వెళ్తున్నారు.

"ఇవి వేసుకుని మావాడు దొంగ వెనక పరిగెత్తితే, దొంగే ఆగి మావాణ్ణి లేపాల్సి వస్తుందమ్మా" అన్నాడు మేనేజరు. తర్వాత వంగి చూశాడు. "ఈ ఎడమ జేబు ఎక్కడికి పోతోంది?"

అప్పుడు చూశాను నేను. కుట్టేటప్పుడు ఒక్కో కాలే చేతిలో ఉంటుంది కాబట్టి తెలియలేదు. మనిషి తొడుక్కుని నిలబడితే తెలిసింది. కుడి జేబు చోట కుడి జేబు ఉంది. ఎడమది కిందికి దిగి ఉంది.

మేనేజరు తన దగ్గరున్న కాగితం చూపించాడు. పదహారు అంగుళాలు. స్పష్టంగా, గుండ్రంగా, పదహారు.

నాకు భయం పట్టుకుంది. పోయిన గుడ్డ గురించి కాదు, పోయిన కష్టం గురించీ కాదు. నా గీత తప్పిన రోజున అన్న మాట చెవిలో మోగింది. ఆయన అన్నంత పనీ చేసే మనిషి. సిగరెట్టు మానేస్తానని ఒకసారి అన్నారు, ఆ నిమిషం నుంచి ముట్టలేదు. కత్తెర లేని మా ఆయన్ని ఊహించుకోబోయాను. నావల్ల కాలేదు. కత్తెర చేతిలో లేనప్పుడు కూడా ఆ రెండు వేళ్ళూ ఆడుతూనే ఉంటాయి ఆయనకు, నిద్రలో కూడా.

"ఈ సంగతి మాస్టారికి నేనే చెప్పుకుంటాను. మీరు ఫోను చేయొద్దు బాబూ" అని బతిమాలి, మూటలన్నీ మళ్ళీ ఆటోలో వేయించుకుని, ఆయన స్నానానికి వెళ్ళే వేళ చూసి ఇంట్లోకి చేరవేశాను. నలభై ప్యాంట్లు మంచం కిందికి తోసి, దుప్పటి అంచు నేలదాకా లాగాను.

"ఏమన్నాడు మేనేజరు?" అన్నారు ఆయన తల తుడుచుకుంటూ.

"చూసి ఆశ్చర్యపోయాడు."

"గీత గురించి ఏమైనా అన్నాడా?"

"గీత గురించే ప్రత్యేకంగా చెప్పాడు."

ఆయన ముఖం వెలిగిపోయింది. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు గిన్నెల మీద కోపం తీర్చుకున్నాను.

వారం తిరక్కుండా చిన్నదానికి చెప్పు ఒకటి కనబడక మంచం కిందికి దూరింది. దూరినది చాలాసేపు బయటికి రాలేదు. తర్వాత దాని గొంతు ఒక్కటీ వచ్చింది, మెల్లగా, గుళ్ళో మాట్లాడినట్టు. "అమ్మా. ఇవెక్కడివి?"

గది తలుపు మూసి సంగతంతా చెప్పాను. అది వింటోందో లేదో కూడా తెలియలేదు. చెప్తుండగానే ఒకటి తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతోంది.

"నాన్న గోనెసంచులు కుట్టనన్నారు" అంది.

"నాన్నకి తెలియదే. తెలిస్తే కత్తెర పక్కన పెట్టేస్తారు."

"ఈ జేబు చూడమ్మా, కిందికి ఉంది. చేయి వేలాడేసి నిలబడితే సరిగ్గా అందులోకే వెళ్తోంది. నడుము పట్టీ ఇలా బయటికి మడిస్తే..." మడిచింది. ఎర్ర కత్తెర బయటికొచ్చింది. నేను ముప్పై ఏళ్ళుగా లోపల దాచి కుడుతున్న ట్యాగు అది.

ఆ సాయంత్రం అది వేసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళింది. మర్నాడు సంచిలో మూడు పట్టుకెళ్ళింది. ఆ తర్వాత ఆరు. అడిగితే, "నలభైయే ఉన్నాయి, ఇంకెప్పటికీ రావు అని చెప్పానమ్మా. అంతే, ఎగబడ్డారు" అంది.

"అబద్ధాలెందుకే?"

"ఇందులో అబద్ధమేముంది?"

నిజమే, లేదు. ఒకసారి బరువు మోయలేక నన్నూ తోడు తీసుకెళ్ళింది. మెట్ల నిండా పిల్లలు, వరసగా కూర్చున్నారు, అందరి ఎడమ జేబులూ ఒకే ఎత్తులో కిందికి జారి ఉన్నాయి. నా చేతికుట్టు ఉన్న కాళ్ళు అన్ని ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. సిగ్గు పడాలో సంతోషపడాలో తెలియక నిలబడిపోయాను. గొడుగంత టోపీ పెట్టుకున్న కుర్రాడొకడు లేచి, "ఆంటీ, మీరూ ఒకటి వేసుకోండి, బాగుంటుంది" అన్నాడు. వీడికి గొడుగు అని ఆ క్షణమే పేరు పెట్టేశాను.

పది రోజుల్లో ముప్పై తొమ్మిది అమ్ముడుపోయాయి. నలభయ్యోది చిన్నది అట్టేపెట్టుకుంది. గండం గడిచిందని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. గుండీలు, దారాలు కొనడానికి నేనూ ఆయనా బజారుకు బయల్దేరేదాకా ఆ ఊపిరి అలాగే ఉంది.

బస్సు కోసం నిలబడ్డాం. రోడ్డు అవతల గొడుగు నిలబడి ఉన్నాడు.

"అటు చూడు" అన్నారు ఆయన. "ఆ టోపీవాడి ప్యాంటు. ఎడమ జేబు కుడిదానికంటే ఒకటింపావు అంగుళం కిందికి ఉంది."

"ఎండకి అలా కనబడుతోందేమో."

"ఎండకి జేబులు జారవు." ఆయన నవ్వుతున్నారు. "ఎవడో పనికిమాలినవాడు కుట్టాడు. సుద్ద పట్టుకోవడం కూడా రాదు వాడికి. పాపం ఆ కుర్రాడు తెలియక అలాగే తిరుగుతున్నాడు. ఉండు, చెప్పి వస్తా."

"మనకెందుకండీ. బస్సొస్తోంది."

"రానీ." చొక్కా పట్టుకుని ఆపబోయాను. విడిపించుకుని రోడ్డు దాటేశారు. నేనూ వెనకే పరుగెత్తబోయాను, కానీ ఇవతలే బస్సు అడ్డమొచ్చింది. బస్సు వెళ్ళేసరికి ఆయన గొడుగు ఎదురుగా నిలబడి ఉన్నారు. మాటలు ఇవతలికి వినబడుతున్నాయి.

"బాబూ, ఏమీ అనుకోకు. నిన్నెవరో మోసం చేశారు. మా షాపు దగ్గరే, నాతో రా, పది నిమిషాల్లో సరిచేసి పంపిస్తా. డబ్బులేం వద్దు."

"వద్దంకుల్, ఇది డిజైన్" అన్నాడు గొడుగు, నడుము గట్టిగా పట్టుకుని.

"డిజైనా?" అంటూ ఆయన నడుము పట్టీ వైపు చూశారు. వెనక్కి వంగారు. అక్కడ గోడ లేదు, ఇంకొంచెం వంగారు. ఎర్ర కత్తెర మీద ఆయన చూపు నిలిచింది.

పట్టీ గుడ్డను రెండు వేళ్ళతో పట్టి చూశారు. తర్వాత, "గుడ్డ మంచిది" అన్నారు.

"థాంక్స్ అంకుల్. మీక్కావాలన్నా ఇంక దొరకవు. నలభైయే చేశారంట."

ఆయన తలెత్తి రోడ్డు ఇవతల ఉన్న నా వైపు చూశారు. దూరం నుంచి నా ముఖం ఆయనకు బాగా కనబడుతుంది.

ఇంటికొచ్చి కత్తెరకు నూనె రాశారు. పాత గుడ్డలో చుట్టారు. పై అరలో పెట్టి, కుర్చీలో కూర్చున్నారు. అంతే. అరిచి ఉంటే బాగుండేది. అరుపులకు నేను సమాధానం చెప్పగలను, నా దగ్గర నిలవ ఉంటాయి. మూడు రోజులు ఆ కుర్చీలోంచి లేవలేదు. ఎవరైనా వస్తే, మాస్టారు ఊళ్ళో లేరని చెప్పేదాన్ని. వెనక కుర్చీలో ఆయన కనబడుతూనే ఉండేవారు. వచ్చినవాళ్ళు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, సరే ఊరినుంచి వచ్చాక చెప్పమని వెళ్ళిపోయేవారు.

మూడో రోజు తట్టుకోలేక ఎదురుగా కూర్చుని మొదట్నుంచి చివరిదాకా చెప్పేశాను. కాగితం, పదహారు, దొంగ, కాపలాదారుడు, మంచం కింద మూటలు, అన్నీ.

"మేనేజరు గీత గురించి ప్రత్యేకంగా చెప్పాడన్నావు" అన్నారు.

"చెప్పాడు కదా మరి."

ఆయన పెదవి ఒక మూల కదిలింది, మళ్ళీ సర్దుకుంది. "ముప్పై ఏళ్ళు. ఒక్క జేబు జారలేదు. ఇప్పుడు నలభైమంది నా తప్పు తొడుక్కుని ఊరంతా తిరుగుతున్నారు. దాని మీద నా కత్తెర బొమ్మ."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నా వైపు చూడలేదు. తన వేళ్ళ వైపు చూసుకుంటున్నారు. ఆ రెండు వేళ్ళూ కదలడం లేదు.

అప్పుడు గుమ్మంలో టోపీ నీడ పడింది. గొడుగు. ఎక్కడ కుట్టారో చిన్నది చెప్పకపోతే, ట్యాగు మీద నంబరు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడట. ఆయన్ని చూసి నోరు తెరిచాడు. "మాస్టారంటే మీరేనా అంకుల్? ఆ రోజు చెప్పనే లేదే. మా అక్కకి అలాంటిదే ఒకటి కావాలండీ."

"నీ ప్యాంటు తెచ్చి ఇవ్వు" అన్నారు ఆయన.

"ఎందుకండీ?"

"తెచ్చివ్వు. దాని మీద పనుంది."

మాస్టారు స్వయంగా తన ప్యాంటుకు ఇంకేదో మెరుగు దిద్దుతారనుకున్నాడు వాడు. ముఖం చాటంత చేసుకుని, మర్నాడు పొద్దున్నే ఉతికి మడతపెట్టి తెచ్చిచ్చాడు.

ఆయన పై అర నుంచి కత్తెర దించారు. నా ప్రాణం లేచి వచ్చింది. "సంబరపడకు" అన్నారు. "తప్పు చేసి సరిదిద్దకుండా షాపు మూయలేను. నలభైనీ ఒక్కొక్కటిగా వెనక్కి తెప్పించి సరిచేస్తా. తర్వాత మూసేస్తా."

ప్యాంటు ఒళ్ళో వేసుకుని జేబు కుట్లు విప్పబోయారు. నీలం గుడ్డ మీద నీలం దారం. దగ్గరికి తెచ్చారు, దూరం పెట్టారు, గుమ్మంలోకి వెళ్ళి ఎండలో పట్టుకున్నారు. ఇల్లంతా తిరిగారు. చివరికి దాన్ని టేబుల్ మీద పెట్టి, చెప్పులు తొడుక్కుని, ఎక్కడికని చెప్పకుండా వెళ్ళిపోయారు. గంటన్నర తర్వాత వచ్చారు. చొక్కా జేబులో ఒక నల్ల డబ్బా ఉంది.

కాసేపటికి టీ పట్టుకెళ్తే కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ముందు ప్యాంటు చూశారు, కుట్టు కుట్టూ చూశారు. తర్వాత తలెత్తి, టీ ఇస్తున్న నన్ను దగ్గర్నుంచి చూశారు.

"నీకింత తెల్లజుట్టు ఎప్పుడొచ్చింది?"

"మీరు చిన్నదానికి దారం ఎక్కించడం నేర్పుతున్నప్పుడు" అన్నాను.

ఆ రోజంతా కూర్చుని ప్యాంటు సరిచేశారు. బాటమ్ పదహారు. జేబులు రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా సమానం. ఇస్త్రీ మడత మీద కూరగాయలు తరగొచ్చు. అంత చక్కటి పని ఆయన చేతిలో కూడా చాలాకాలంగా చూడలేదు నేను. గొడుగు వచ్చేసరికి కవర్లో పెట్టి, గర్వంగా చేతికిచ్చారు.

వాడు విప్పి చూశాడు. తిరగేసి చూశాడు. మిగతా ప్యాంటు ఎక్కడుందా అన్నట్టు కవర్లోకి చూశాడు.

"బాగుందండీ" అన్నాడు మెల్లగా. "చాలా బాగుంది. మా ప్రిన్సిపాల్‌కి ఇలాంటివే ఉన్నాయి."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి వాడికి. ఎవరికీ కనబడకుండా ఉండాలని టోపీ కిందికి లాక్కున్నాడు. మా ఆయన కంగారుపడ్డారు.

"ఏమైంది బాబూ? అది తప్పు. నా తప్పే. సరిదిద్దాను."

"తప్పని తెలుసండీ. నిన్న మీ అమ్మాయి చెప్పింది. అయినా నలభైమందిమి ఉన్నాం కదండీ. నేను ఈ ఊరికొచ్చి ఏడాదైంది, ఎవరూ తెలియదు. ఇది వేసుకున్నాక ఎక్కడైనా ఆ జేబు కనబడితే చాలు, వాళ్ళు నన్ను పలకరిస్తారు, నేను వాళ్ళని పలకరిస్తాను. బస్సులో కూడా." ముక్కు ఎగపీల్చాడు. "ఇప్పుడు ముప్పై తొమ్మిదిమంది అయ్యారు."

మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. "నీది నీకు అలాగే తిరిగిస్తాను. ఎల్లుండి రా" అన్నారు.

అన్నారు గానీ, చేయి వినాలిగా. కొత్త గుడ్డ పరిచి గీశారు, జేబులు సమానంగా వచ్చాయి. మళ్ళీ గీశారు, మళ్ళీ సమానమే. వంకరగా గీయాలని పళ్ళు బిగించి గీస్తే, చివరి నిమిషంలో చేయి దానంతటదే తిన్నగా తిరిగింది. "కళ్ళజోడు తీసి గీయండి" అని సలహా ఇచ్చాను. తీసి గీశారు. ఈసారి కుడి జేబు మోకాలి దగ్గరికి పోయింది. తప్పయితే వచ్చింది గానీ ఆ తప్పు కాదు. నేను నవ్వు ఆపుకోలేక తెర వెనక్కి వెళ్ళాను.

తెర వెనక చిన్నది అంతా వింటోంది. లోపలికి పోయి బట్టలు మార్చుకుని, తన ప్యాంటు తెచ్చి టేబుల్ మీద పరిచింది. తండ్రీ కూతుళ్ళు ఆ నెలలో మొదటిసారి ఒకే టేబుల్ మీదికి వంగారు. ఆయన మెడలోంచి టేపు తీసి, నడుము నుంచి ఎడమ జేబుదాకా, నడుము నుంచి కుడి జేబుదాకా కొలిచారు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ కొలిచారు.

"ఒకటింపావు" అన్నారు. "రోడ్డవతల నుంచే చెప్పాను. కొలిస్తే అంతే ఉంది." ఆ గొంతులో పాత మాస్టారు వినబడ్డారు.

ఎల్లుండికల్లా గొడుగు ప్యాంటు తయారైంది. వాడు తొడుక్కుని, ఎడమ చేయి వేలాడేసి, జేబులోకి పోనిచ్చి, పోయిన మనిషి తిరిగొచ్చినట్టు నవ్వాడు. వెనకే వాళ్ళక్క వచ్చింది. అక్క వెనక ఇంకో నలుగురు. ఆ ఎండాకాలం చివరికి మా షాపు ముందు మెట్లు ఫ్లైఓవర్ కింది మెట్లలా తయారయ్యాయి. ఆయన ఒక్కొక్కణ్ణీ లోపలికి పిలిచి, జేబు సరిగ్గా ఒకటింపావు కిందికి ఉందో లేదో టేపు పెట్టి చూసి గానీ పంపేవారు కాదు. నేనోసారి ఏమరుపాటున ఒకటిన్నర దగ్గర కుట్టాను. విప్పించారు. "తప్పుకి కూడా ఒక పద్ధతుంటుంది" అని నాకు గంట సేపు పాఠం.

"గీత తప్పితే కత్తెర ముట్టనన్నారుగా?" అన్నాను ఉక్రోషం కొద్దీ.

"తప్పితే కదా. ఒకటింపావంటే ఒకటింపావే పడుతోంది."

చిన్నదానికి కూడా కొత్తది కుడతానన్నారు. రమ్మని పిలిచి, టేపు చేతిలోకి తీసుకుని, దాని ముందు ఒక్క క్షణం నిలబడ్డారు. ఏమనుకున్నారో, టేపు మళ్ళీ మెడలో వేసుకున్నారు.

"నీకు కొలతలు అక్కర్లేదుగా" అన్నారు.

అది తండ్రి భుజం మీద తల ఆనించి, చటుక్కున తీసేసి వెళ్ళిపోయింది.

కాలేజీలు తెరిచే ముందు రోజు ఆయన ఆ ప్యాంటుకు అట్ట కత్తిరించారు. మా గోడకు మేకుల మీద అలాంటి అట్టలు వరసగా వేలాడుతుంటాయి. మళ్ళీ మళ్ళీ కుట్టేవాటికి అట్ట కత్తిరించి, దాని మీద పేరు రాసి పెట్టుకుంటాం. డ్రైవర్లు, స్కూలు పిల్లలు, ఆసుపత్రి, హోటలు. దీని మీద ఏం రాస్తారా అని కాజాలు తీస్తూ ఓరకంట చూస్తున్నాను. వంకర జేబు అని రాయమని చిన్నది చెప్పింది. నలభై అని రాయమని గొడుగు చెప్పాడు. ఆయన నాకు వీపు పెట్టి, సుద్దతో చాలాసేపు రాశారు. రాసి మేకుకు తగిలించారు.

కళ్ళజోడు లేనప్పటిది, అని ఉంది.

నేను చదివానని ఆయనకు తెలుసు. వచ్చి కుర్చీలో కూర్చున్నారు. సూది తీసుకున్నారు. లోపల చిన్నది ఉంది, పిలవలేదు. దారం చివర తడిచేసి, తనే ఎక్కించుకున్నారు.